లోనికి వెళ్ళిన నీరు బయటికి రావడమూ అనుగ్రహమే

అబ్బాసీ ఖలీఫా హారూన్ రషీద్ దర్బారుకు ఒకనాడు ఇబ్నె సమ్మాక్ అనే ధర్మబోధకుడు వెళ్ళారు. మాటల మధ్య ఖలీఫాకు దాహమై మంచినీళ్ళు తెప్పించుకున్నారు. పాత్ర పెదవుల దాకా వెళ్ళగానే ఇబ్నె సమ్మాక్ ఆయనను ఒక్క క్షణం ఆగమన్నారు. ఈ నీరు మీకు దొరకకుండా పోతే దీనిని ఎంత ఇచ్చి కొంటారని అడిగారు. సగం రాజ్యం ఇచ్చివేస్తానన్నారు ఖలీఫా. అయితే త్రాగండి అన్నారు. త్రాగిన తరువాత మరొక ప్రశ్న వేశారు. ఆ నీరు శరీరం నుండి బయటికి రాకుండా లోపలే నిలిచిపోతే, ఆ బాధ నుండి విముక్తికి ఎంత ఇస్తారు? రాజ్యమంతా ఇచ్చివేస్తానన్నారు ఖలీఫా. గుక్కెడు నీటితోనూ ఒకమారు మూత్రవిసర్జనతోనూ సరితూగని రాజ్యం కోసమా ఇంత ఆరాటం అని ఆ పెద్దమనిషి అనగానే హారూన్ రషీద్ కంటతడి పెట్టుకున్నారు.

చరిత్ర గ్రంథాలలో ఉన్న ఈ వృత్తాంతాన్ని మదరసాలో దాదాపు ముప్పై ఏళ్ళుగా పిల్లలకు చెబుతూ వస్తున్నాను. ప్రాపంచిక వ్యామోహం తగదని బోధించడానికే దీనిని వాడుకునేవాణ్ణి. దేహానికి సంబంధించిన పాఠం కూడా ఇందులో ఉందని నాకు ఆలస్యంగా తెలిసింది. ఆ పాఠాన్ని నాకు నేర్పినవారు ఇద్దరు. ఒకరు పదకొండేళ్ళ విద్యార్థి. మరొకరు నాతోపాటు పాఠాలు చెప్పిన హాఫిజ్ సాబ్.

నేను చేసిన పొరపాటు

ఫజ్ర్ నమాజు తరువాత మా హిఫ్జ్ తరగతి మొదలవుతుంది. సబఖ్ అప్పజెప్పేదాకా ఎవరూ లేవకూడదన్నది నేను పెట్టిన నియమం. ఒకడు మూత్రానికని లేస్తే వాడి వెనుక అయిదుగురు లేస్తారన్నది నా వాదన. క్రమశిక్షణ బాగుందని తల్లిదండ్రులూ మెచ్చుకునేవారు.

ఒక చలికాలంలో ఒక పిల్లవాడికి వణుకుతో కూడిన జ్వరం వచ్చింది. పొత్తికడుపులో నొప్పి అన్నాడు. జ్వరం మాత్ర ఇచ్చి పడుకోబెట్టాము. మూడవ రోజుకు కూడా తగ్గకపోయేసరికి ఆసుపత్రికి తీసుకువెళ్ళాను. మూత్ర పరీక్షలో ఇన్ఫెక్షన్ బయటపడింది. అది మూత్రపిండం దాకా ప్రాకిందని వైద్యురాలు చెప్పారు. తరువాత నన్ను కాకుండా ఆ పిల్లవాడిని అడిగారు, రోజుకు ఎన్ని నీళ్ళు త్రాగుతావని. వాడు నా వంక ఒకసారి చూసి తల దించుకున్నాడు. "ఉస్తాద్‌జీ మధ్యలో లేవనివ్వరు. అందుకని నీళ్ళు తాగను" అన్నాడు.

ఆమె నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అనివుంటే కొంత నయంగా ఉండేదేమో. తిరిగి వస్తూ దారిలో ఆలోచించాను. మలమూత్రాలను బిగబట్టుకుని నమాజులో నిలబడటం మక్రూహ్ అని, ముందు ఆ అవసరం తీర్చుకుని రావాలని ఫిఖహ్ పాఠంలో నేనే చెబుతాను. అల్లాహ్ సన్నిధిలో నిలబడటానికే తగదన్న స్థితిలో ఒక పసివాడిని నా ముందు గంటల తరబడి కూర్చోబెట్టాను. హారూన్ రషీద్ తన రాజ్యమంతా ఇస్తానన్న దానిని వాడు నన్ను ఉచితంగా అడిగే వీలు కూడా లేకుండా చేశాను.

ఆ పిల్లవాడు మందులతో కోలుకున్నాడు, అల్‌హమ్దులిల్లాహ్. మరునాడే ఆ నియమాన్ని తీసివేశాను. ప్రతి పిల్లవాడి ప్రక్కన ఒక నీళ్ళ సీసా పెట్టించాము. గంటకొకసారి విరామం ఇస్తున్నాము. నేను భయపడినట్లు తరగతి చెడిపోలేదు. రెండు నెలలలోనే పిల్లలు అవసరమైనప్పుడు మాత్రమే లేవడం అలవాటు చేసుకున్నారు.

దేహంలోని శుద్ధి ఏర్పాటు

మనం తిన్న తిండి, త్రాగిన నీరు, పీల్చిన గాలి శక్తిగా మారేటప్పుడు కొన్ని వ్యర్థాలు మిగులుతాయి. ఊపిరితిత్తులు బొగ్గుపులుసు వాయువును బయటికి పంపుతాయి. చర్మం చెమటను వెలువరిస్తుంది. కాలేయం విషపదార్థాలను విరిచి పిత్తంలోకి, రక్తంలోకి వదులుతుంది. పెద్దప్రేగు జీర్ణం కాని పదార్థాన్ని మలంగా తయారుచేస్తుంది. రక్తంలో కరిగివున్న యూరియా, క్రియాటినిన్ వంటి వ్యర్థాలను ఏరివేసే పని మూత్రపిండాలది.

నడుముకు కొంచెం పైన, వెన్నెముకకు అటూ ఇటూ, పిడికిలంత పరిమాణంలో ఉండే ఈ రెండు అవయవాల పనిని గమనిస్తే సృష్టికర్త పనితనం అర్థమవుతుంది. ఒక్కొక్క మూత్రపిండంలో సుమారు 10 లక్షల సూక్ష్మ వడపోత యంత్రాలు ఉంటాయి. వాటిని నెఫ్రాన్లు అంటారు. గుండె పంపే రక్తంలో దాదాపు అయిదవ వంతు ఎల్లప్పుడూ వీటి గుండా ప్రవహిస్తూనే ఉంటుంది. రోజుకు 180 లీటర్ల దాకా ద్రవాన్ని ఇవి వడకట్టి, దేహానికి కావలసినదంతా తిరిగి రక్తంలోకి పంపించి, లీటరున్నర నుండి రెండు లీటర్లు మాత్రమే మూత్రంగా విడిచిపెడతాయి. ఇంతేకాదు, రక్తపోటును అదుపులో ఉంచేదీ, రక్తకణాల తయారీకి సంకేతం పంపేదీ, ఎముకలకు కావలసిన విటమిన్ డిని పనికివచ్చే రూపంలోకి మార్చేదీ ఇవే. అందువల్లనే మూత్రపిండాలు చెడినవారికి రక్తహీనత, ఎముకల బలహీనత కూడా వస్తాయి.

నొప్పి లేకుండా చెడిపోయే అవయవం

ఇక హాఫిజ్ సాబ్ సంగతి. ఆయన నాకంటే ఆరేళ్ళు పెద్ద. మోకాళ్ళ నొప్పులు. రుకూ, సజ్దాలలో ఇబ్బంది అవుతోందని మందుల దుకాణంలో అడిగి నొప్పి మాత్రలు తెచ్చుకునేవారు. ఎన్నోసార్లు బజారుకు వెళ్ళి ఆ మాత్రలు తెచ్చి ఇచ్చింది నేనే. బీపీ ఉందని ఒక వైద్యుడు మందు వ్రాసి ఇచ్చారు. రెండు నెలలు వేసుకుని, తల తిరగడం తగ్గింది కదా అని మానేశారు. అది జరిగి ఏడెనిమిదేళ్ళు.

ఒక ఏడు ఉదయం పూట ఆయన కళ్ళ క్రింద ఉబ్బు కనిపించసాగింది. రాత్రి నిద్ర చాలలేదనుకున్నాము. సాయంత్రానికి చెప్పులు బిగుతయ్యేవి. వయసు అనుకున్నాము. అన్నం సహించడం లేదన్నారు. ఎండాకాలం కదా అనుకున్నాము. మెట్లెక్కేటప్పుడు ఆయాసం వచ్చి కూలబడ్డ రోజున రక్తపరీక్ష చేయిస్తే క్రియాటినిన్ 8 దాటి ఉంది. ఆరోగ్యవంతులలో అది సుమారు 1 దగ్గర ఉండాలి. రెండు మూత్రపిండాలూ చాలామటుకు పనిచేయడం మానివేశాయని, డయాలసిస్ తప్పదని చెప్పారు.

"మౌలానా, ఇన్నాళ్ళూ నాకు అక్కడ ఒక్కసారి కూడా నొప్పి రాలేదే" అన్నారు హాఫిజ్ సాబ్ ఆ సాయంత్రం.

ఈ మాటను ప్రతి ఇంటివారూ గుర్తుపెట్టుకోవాలి. పన్ను పుచ్చితే నొప్పి వస్తుంది. మూత్రపిండాలు సన్నసన్నగా చెడిపోతున్నప్పుడు నొప్పి రాదు. రెండు మూత్రపిండాల సామర్థ్యం దాదాపు సగం తగ్గేదాకా క్రియాటినిన్ కూడా మామూలుగానే కనిపించవచ్చు. పాదాల వాపు, ముఖం ఉబ్బు, నురగతో కూడిన మూత్రం, రాత్రుళ్ళు పదేపదే లేవవలసి రావడం, ఆకలి మందగించడం, ఒంటి దురద, ఆయాసం వంటివి బయటపడేసరికి చాలా కాలం గడిచిపోయి ఉంటుంది. కాబట్టి బాధ మొదలైన తరువాత చూద్దామనుకోవడం ఈ విషయంలో పనికిరాదు. రోజువారీ అలవాటే మనకు కావలి.

నొప్పి మాత్రలు, రాబందులు

డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు మన ఇళ్ళలో మరమరాల మాదిరిగా నోట్లో వేసుకోబడుతున్నాయి. మూత్రపిండంలోకి వెళ్ళే రక్తనాళాన్ని తెరిచి ఉంచడానికి దేహం కొన్ని రసాయనాలను తయారుచేసుకుంటుంది. నొప్పిని తగ్గించే క్రమంలో ఈ మాత్రలు ఆ రసాయనాలను కూడా అడ్డుకుంటాయి. అప్పుడు మూత్రపిండానికి రక్తం తగ్గుతుంది. ఒంట్లో నీరు తక్కువగా ఉన్నప్పుడు, వయసు మీరినప్పుడు, బీపీ, షుగరు, గుండె జబ్బు ఉన్నప్పుడు ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ.

ఒకప్పుడు మన ఊళ్ళలో చచ్చిన పశువును చెరువుగట్టున వేస్తే గంటలలో రాబందులు వాలి శుభ్రం చేసేవి. మన దేశంలో అవి ఇప్పుడు దాదాపు కనిపించవు. పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చిన డైక్లోఫెనాక్ వాటి కళేబరాల ద్వారా రాబందుల కడుపులోకి చేరి, వాటి మూత్రపిండాలను పాడుచేసి చంపిందని శాస్త్రజ్ఞులు 2004లో తేల్చారు. 2006లో ప్రభుత్వం పశువులకు ఆ మందు వాడకాన్ని నిషేధించింది. పక్షి దేహం వేరు, మనిషి దేహం వేరు. వైద్యుడు చూసి కొద్దిరోజులకు వ్రాసి ఇచ్చిన మాత్ర వేసుకోవడంలో తప్పులేదు. అయినా ఒక జాతి పక్షులనే ఆకాశం నుండి తుడిచిపెట్టిన మందును వైద్యుని అడగకుండా నెలల తరబడి మింగడం ఎంత సాహసమో ఆలోచించండి. పేరూ దినుసులూ తెలియని భస్మాలు, పొడుల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. పాదరసం, సీసం వంటివి కలిసిన భస్మాలు మూత్రపిండాలకు హాని చేస్తాయి.

నీరు, ఉప్పు, భోజనం

ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి మామూలు రోజులలో రెండు నుండి రెండున్నర లీటర్ల నీరు సరిపోతుంది. మన రోహిణి కార్తె ఎండలలో, పొలంలోనో కొలిమి దగ్గరో పనిచేసేవారికి ఇంకా ఎక్కువ కావాలి. లెక్కపెట్టుకోవడం కష్టమైతే మూత్రం రంగును గమనించండి. లేత పసుపుగా ఉంటే నీరు చాలినట్లు. ముదురు పసుపుగా, ఘాటైన వాసనతో ఉంటే చాలనట్లు. నీటిని ఒకేసారి చెంబెడు గుమ్మరించుకోకుండా, కూర్చుని, మధ్యమధ్య ఊపిరి తీసుకుంటూ రోజంతా కొంచెం కొంచెంగా త్రాగడం ఉత్తమం. దైవప్రవక్త (స) నేర్పిన మర్యాద కూడా ఇదే. ఇప్పటికే మూత్రపిండాల వ్యాధి, గుండె బలహీనత ఉన్నవారు మాత్రం వైద్యుడు చెప్పిన కొలత మించకూడదు.

మూత్రపిండాలలో రాళ్ళు ఏర్పడేవారికి నీరే మొదటి మందు. పలుచని నిమ్మరసం కూడా మేలు చేస్తుంది. రాళ్ళలో ఎక్కువ భాగం కాల్షియంతోనే ఏర్పడతాయి కదా అని పాలు, పెరుగు పూర్తిగా మానివేయడం పొరపాటు. ఆహారంలోని కాల్షియం ప్రేగులోనే ఆక్సలేట్‌ను పట్టుకుని రాయి కట్టకుండా కాపాడుతుంది. తగ్గించవలసినది ఉప్పు, అతిగా తినే మాంసం.

ఉప్పు రోజుకు 5 గ్రాములకు, అంటే ఒక చిన్న చెంచాకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. మన కంచాలను ఒకసారి చూసుకుందాం. ఆవకాయ, అప్పడం, ఎండుచేప, సమోసా, కారప్పూస, బేకరీ సరుకు అన్నింటిలోనూ ఉప్పే. కూరలో ఉప్పు సరిగా ఉన్నా పైన మళ్ళీ చల్లుకునే అలవాటు కొందరిది. ఉప్పు పెరిగితే రక్తపోటు పెరుగుతుంది. పెరిగిన రక్తపోటు మూత్రపిండంలోని సన్నని నాళాలను గట్టిపరుస్తుంది. గట్టిపడిన మూత్రపిండం రక్తపోటును మరింత పెంచుతుంది. ఈ వలయాన్ని త్రెంచడం వంట చేసే చేతిలోనే ఉంది. దస్తర్‌ఖాన్ మీద ఉప్పు గిన్నె పెట్టడం మానండి చాలు, సగం పని అయినట్లే.

బిర్యానీ, పాయా, కబాబు మన సంస్కృతిలో భాగం. పండుగకూ, విందుకూ అవి శోభ. వాటిని ప్రతిరోజూ ఆశించడమే చిక్కు. కడుపులో మూడవ వంతు ఆహారానికి, మూడవ వంతు నీటికి, మూడవ వంతు ఊపిరికి అన్న ప్రవక్త (స) హితవును మించిన ఆహార నియమం నాకు తెలియదు. తీపి శీతల పానీయాల బదులు పలుచని మజ్జిగ త్రాగండి. సిగరెట్, గుట్కా మానండి. పొగాకులోని విషాలు మూత్రం ద్వారానే బయటికి పోతూ దారిలో మూత్రాశయానికి క్యాన్సర్ తెచ్చిపెడతాయి.

స్త్రీలు, బాలికలు

మా తరగతి పిల్లవాడి కథ మన ఆడపిల్లల విషయంలో ప్రతిరోజూ జరుగుతూనే ఉంది. బడిలో మరుగుదొడ్డి బాగులేదని ఉదయం నుండి సాయంత్రం దాకా నీరు ముట్టని బాలికలు ఎందరో. పెళ్ళికని కర్నూలు నుండి హైదరాబాదుకు బస్సులో వెళ్ళే మహిళ ముందు రాత్రి నుండే నీళ్ళు మానేస్తుంది. ఫంక్షన్ హాలులో వందలమందికి భోజనం పెట్టేవారు స్త్రీలకు శుభ్రమైన మరుగుదొడ్డి ఉన్నదా అని చూడరు.

స్త్రీలలో మూత్రమార్గం పొడవు సుమారు 4 సెంటీమీటర్లే. అందువల్ల సూక్ష్మక్రిములు త్వరగా మూత్రాశయానికి చేరతాయి. వాటిలో ఎక్కువ భాగం ప్రేగులో ఉండే క్రిములే. కాబట్టి శుభ్రపరచుకునేటప్పుడు ముందు నుండి వెనుకకు కడుక్కోవాలని తల్లులు చిన్ననాటి నుండే బాలికలకు నేర్పాలి. మూత్రాన్ని బిగబట్టడం వల్ల ఆ క్రిములకు పెరిగే సమయం దొరుకుతుంది. మంట, మాటిమాటికీ వెళ్ళాలనిపించడం, జ్వరం వస్తే సిగ్గుపడి దాచకండి. గర్భిణులలో ఈ ఇన్ఫెక్షన్‌ను నిర్లక్ష్యం చేస్తే నెలలు నిండకముందే కాన్పు అయ్యే ప్రమాదం ఉంది. వ్రాసి ఇచ్చిన యాంటీబయాటిక్ మాత్రలు బాధ తగ్గగానే ఆపివేయక, చెప్పినన్ని రోజులూ వాడాలి.

పురుషులకు ఒక మనవి. ఇంటి ఆడవారితో ప్రయాణం చేసేటప్పుడు దారిలో శుభ్రమైన చోట చూసి బండి ఆపండి. అడిగేదాకా ఆగకండి. మసీదు కమిటీలు, మదరసా యాజమాన్యాలు తివాచీల మీద పెట్టే శ్రద్ధలో కొంత మరుగుదొడ్ల మీద పెట్టాలి. శుచి శుభ్రతలను విశ్వాసంలో భాగమని నమ్మే మనకు ఇది చిన్న విషయం కాదు.

మలబద్ధకం

పెద్దప్రేగు సుమారు మీటరున్నర పొడవు ఉంటుంది. తనలోకి వచ్చిన పదార్థం నుండి అది నీటిని పీల్చుకుంటూ ఉంటుంది. మలవిసర్జనకు వెళ్ళాలనిపించినప్పుడు వాయిదా వేస్తే, నీరు మరింత ఇంకిపోయి మలం గట్టిపడుతుంది. ముక్కుతూ కూర్చోవలసి వస్తుంది. మొలలు, చీలికలు అక్కడినుండే మొదలవుతాయి. నిండిన ప్రేగు మూత్రాశయాన్ని నొక్కడం వల్ల చిన్న పిల్లలకు పక్క తడిపే అలవాటు, మూత్రంలో ఇన్ఫెక్షన్ కూడా రావచ్చు. ఈ రెండు దారులూ ఇరుగుపొరుగు లాంటివి. ఒక ఇంట్లో గొడవ రెండవ ఇంటికి వినిపిస్తుంది.

దీనికి మందుల దుకాణానికి పరుగెత్తే ముందు వంటగదిలో చూడండి. జొన్నరొట్టె, రాగి సంగటి, పొట్టు తీయని పప్పులు, తోటకూర, గోంగూర, బెండకాయ, జామపండు, అంజూరం ప్రేగుకు నేస్తాలు. రాళ్ళు ఉన్నవారు మాత్రం ఆక్సలేట్ అధికంగా ఉండే ఆకుకూరల విషయంలో వైద్యుని అడగాలి. రోజూ అరగంట నడక ప్రేగును కదిలిస్తుంది. ఉదయం ఏదైనా తిన్న తరువాత పెద్దప్రేగు సహజంగానే కదులుతుంది. ఆ సమయంలో తొందరలేకుండా వెళ్ళడం పిల్లలకు అలవాటు చేయాలి. సెల్‌ఫోను పట్టుకుని మరుగుదొడ్డిలో అరగంట కూర్చోవడం మొలలను పిలిచి తెచ్చుకోవడమే. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, విసర్జన అలవాటు హఠాత్తుగా మారడం కనిపిస్తే మొలలేనని సరిపెట్టుకోక వైద్యుణ్ణి కలవాలి.

రమజాన్‌లో

ఆరోగ్యవంతుల మూత్రపిండాలకు ఉపవాసం వల్ల హాని లేదు. ఇఫ్తారు నుండి సహరీ దాకా నీటిని విభజించుకుని త్రాగాలి. సహరీలో ఊరగాయ, అప్పడం తగ్గిస్తే పగటి దాహం తగ్గుతుంది. ఇఫ్తారు దస్తర్‌ఖాన్ మొత్తం నూనె వంటకాలతో నింపకుండా పండ్లకు చోటివ్వాలి.

వ్యాధి ముదిరినవారు, డయాలసిస్ మీద ఉన్నవారు, మూత్రపిండం మార్పిడి చేయించుకున్నవారు, తరచూ రాళ్ళు వచ్చేవారు రమజాన్‌కు నెలా రెండు నెలల ముందే వైద్యుని సంప్రదించాలి. డయాలసిస్ మొదలైన ఏడు కూడా హాఫిజ్ సాబ్ ఉపవాసాలు ఉంటానని పట్టుబట్టారు. "నలభై ఏళ్ళలో ఒక్క రోజా వదలలేదు మౌలానా, ఇప్పుడు ఎలా వదలను?" అన్నారు. రోగికి దివ్య ఖుర్ఆన్ స్వయంగా మినహాయింపు ఇచ్చింది. కోలుకునే ఆశ లేనివారు ప్రతి ఉపవాసానికి బదులు ఒక పేదకు అన్నం పెట్టాలి. అల్లాహ్ ఇచ్చిన వెసులుబాటును స్వీకరించడం ఆయనకు ప్రీతికరమన్నది దైవప్రవక్త (స) బోధ. ఆ మాటే చెప్పాను. ఆయన చాలాసేపు మౌనంగా ఉండి, చివరకు ఫిద్యాకు డబ్బు లెక్కపెట్టి నా చేతిలో పెట్టారు. ఆ రోజు ఆయన చేసినది ఉపవాసం కంటే తక్కువ ఆరాధన అని నేను అనుకోను.

పరామర్శకు వెళ్ళేవారికి కూడా ఒక మాట. కిడ్నీ జబ్బు ముదిరినవారికి కొబ్బరిబోండాలు, ఖర్జూరాలు కానుకగా తీసుకువెళ్ళకండి. వాటిలో పొటాషియం ఎక్కువ. దానిని బయటికి పంపలేని దేహంలో అది పేరుకుని గుండె లయను తప్పిస్తుంది. ప్రేమతో ఇచ్చినదే ప్రాణం మీదికి రావచ్చు.

తప్పంతా రోగిదేనా?

ఇంతగా అలవాట్ల గురించి చెప్పినంత మాత్రాన, జబ్బు వచ్చిన ప్రతివారూ ఏదో తప్పు చేశారని ఎవరూ అనుకోకూడదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతాన్ని చూడండి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం పరిసరాలలో కొబ్బరి, జీడితోటల మధ్య బ్రతికే శ్రమజీవులు ఏళ్ళ తరబడి మూత్రపిండాల వ్యాధి బారిన పడుతున్నారు. వారిలో చాలామందికి షుగరు లేదు, బీపీ లేదు. నీటిని, నేలను, ఎండలో పడే శ్రమను, పురుగుమందులను, వంశపారంపర్యాన్ని అన్నింటినీ పరిశోధకులు పరీక్షించారు. ఒక్క కారణాన్ని తేల్చి చెప్పలేకపోయారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన ఆసుపత్రి, ఆ పల్లెలకు మంచినీటి పథకం ప్రారంభమయ్యాయి. ఉద్దానం మనకు చెప్పేది ఒకటే. అలవాట్లు బాగున్నవారు కూడా పరీక్ష చేయించుకోవాలి.

ఏడాదికి ఒక ఉదయం

మూత్రపిండాలు చెడటానికి రెండు ప్రధాన కారణాలు మధుమేహం, అధిక రక్తపోటు. కాబట్టి నలభై దాటిన ప్రతివారూ, షుగరు, బీపీ, ఊబకాయం ఉన్నవారు, ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బు ఉన్నవారు, నొప్పి మాత్రలు చాలాకాలం వాడినవారు వయసుతో నిమిత్తం లేకుండా ఏడాదికొకసారి నాలుగు పరీక్షలు చేయించుకోవాలి. రక్తపోటు, రక్తంలో చక్కెర, రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్. మూత్రంలో అల్బుమిన్ కనిపించడం వడపోత గుడ్డకు చిల్లు పడుతోందనడానికి తొలి సూచన. ఆ దశలో పట్టుకుంటే మందులతో, పథ్యంతో ఎన్నో ఏళ్ళు నెట్టుకురావచ్చు. బీపీ, షుగరు మందులను బాగానే ఉంది కదా అని మానివేయకూడదు. మందు వాడుతున్నందువల్లనే బాగుందని గుర్తుంచుకోవాలి.

ఈ పరీక్షలకు పట్టేది ఒక ఉదయం. చేయించుకోకపోతే పట్టే సమయం హాఫిజ్ సాబ్‌కు తెలుసు. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. ఆరోగ్యశ్రీ పుణ్యమా అని ఖర్చు భారం తగ్గింది. ఆ గంటలను మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేరు. ఆయన ఆ నాలుగు గంటలూ కళ్ళు మూసుకుని ఖుర్ఆన్ వల్లె వేసుకుంటారు. ఒకనాడు నేను ప్రక్కన కూర్చుని ఉండగా, గొట్టాలలో తిరుగుతున్న తన రక్తాన్ని చూస్తూ అన్నారు. "అరవై ఏళ్ళు అల్లాహ్ ఈ పనిని లోపల ఉచితంగా చేయించాడు. నేను ఒక్కరోజు కూడా దీనికి షుక్ర్ చెప్పలేదు మౌలానా."

మరుగుదొడ్డి నుండి బయటికి వచ్చాక చదవవలసిన దుఆ మనందరికీ వచ్చు. నేను చిన్నప్పటి నుండి చదువుతున్నాను, నాలుకతో. హాఫిజ్ సాబ్ మాట విన్న తరువాత నిలబడి, అర్థం తలచుకుని చదువుతున్నాను. కృతజ్ఞత అంటే నాలుక మీది మాట మాత్రమే కాదు కదా. ఇచ్చిన అమానత్‌ను చెడకుండా చూసుకోవడం కూడా కృతజ్ఞతే. ఈ రోజు ఇంట్లో పిల్లవాడు నీళ్ళు త్రాగాడా అని అడగండి. అమ్మీకి బీపీ చూపించి ఎన్నాళ్ళయిందో లెక్కపెట్టండి. అబ్బా వేసుకుంటున్న నొప్పి మాత్ర పేరేమిటో చదవండి.

అల్లాహ్ మనకు ఆరోగ్యాన్ని, దాని విలువను అది చేజారక ముందే తెలుసుకునే వివేకాన్ని ప్రసాదించుగాక. వ్యాధిగ్రస్తులందరికీ స్వస్థతను అనుగ్రహించుగాక. ఆమీన్.